ఆల్చిప్పలో పట్టని కొసరు

ఒకప్పుడు సముద్రం ఇప్పటిలా ముందుకీ వెనక్కీ నడిచేది కాదు. చెంబులో నీళ్ళలాగా ఉన్నచోటే ఉండేది. చిన్న చిన్న అలలు వచ్చేవి కానీ, అవి ఒడ్డుని అలా తాకి అక్కడే ఆగిపోయేవి. ఇటు ఇసక, అటు నీళ్ళు. మధ్యలో తడి ఇసక ఒక చారలాగా, కొత్త చీర అంచులాగా మెరుస్తూ ఉండేది.

ఆ తడి చార మీద, పున్నమి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే సంత జరిగేది.

గట్టువాళ్ళు గట్టు దిగి వచ్చేవాళ్ళు. ముంగిస జీడిపళ్ళు తెచ్చేది. గోరింక రేగుపళ్ళు తెచ్చేది. చేలగట్టు ఎలుక గడ్డిగింజలు మూటకట్టుకుని వచ్చేది. నీటివాళ్ళు నీళ్ళ అంచుకి వచ్చి నిలబడేవాళ్ళు. పండుగప్ప చేప సన్నరొయ్యలు తెచ్చేది. తాబేలు పచ్చటి పాచి తెచ్చేది. నత్త ఉప్పుగల్లు ఒక్కొక్కటే వీపు మీద మోసుకుని, మూడు రోజుల ముందే బయలుదేరి వచ్చేది.

కొలతకి అందరికీ ఒకటే కొబ్బరి చిప్ప. ఒక చిప్పెడు గింజలిస్తే ఒక చిప్పెడు రొయ్యలు. ఒక చిప్పెడు పళ్ళకి ఒక చిప్పెడు పాచి. అందులో తగువేమీ లేదు.

అయితే చిప్పతో కొలవడం అయిపోయాక అసలు సంగతి మొదలయ్యేది. ఇచ్చినవాళ్ళు పుచ్చుకున్నవాళ్ళ మొహం వంక ఒకసారి చూసి, ఇంకాస్త వేసేవాళ్ళు. దాన్నే కొసరు అంటారు కదా. ఆ కొసరుకి కొలత లేదు. ఒకరు గుప్పెడు వేసేవారు, ఒకరు చిటికెడు వేసేవారు. గోరింక అయితే ఒక పాట పాడేది, అదే కొసరు. తాబేటి అవ్వ ఒక కథ చెప్పేది. నత్త దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగిలేది కాదు. అందుకని అది కొమ్ములు రెండూ చాపి, "మళ్ళీ సంతకి కూడా రా అమ్మా, నువ్వు వస్తేనే నాకు బావుంటుంది" అనేది. అంతే. అదీ కొసరే. ఆ మాట కోసమే నత్త దగ్గర ఉప్పు తీసుకునేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు.

మరి అంత పెద్ద సంతకి పెద్ద ఎవరు? దానికి వాళ్ళకొక తమాషా పద్ధతి ఉండేది. సంతకి అందరికంటే ఆలస్యంగా ఎవరొస్తే వాళ్ళే ఆ రోజుకి సంతపెద్ద.

పెద్ద అంటే గొప్పేం కాదు. సంతపెద్ద నల్లరాయి మీద కూర్చుని ఉండాలి. ఎవరైనా గొడవపడితే ఒక మంచి మాట చెప్పాలి. అందరూ వెళ్ళిపోయాక ఆఖరున ఉండిపోయి, ఇసక మీద పడిన అడుగులన్నీ ఒంటితో తుడిచి నున్నగా చెయ్యాలి. వచ్చే సంతకి ఎవరూ "ఇది నా చోటు" అనకుండా అన్నమాట. ఆ చాకిరీ ఎవరిక్కావాలి? అందుకే అందరూ పెద్ద కాకుండా తప్పించుకోవాలని పరుగులు పెట్టి వచ్చేవాళ్ళు. చివరికి ఎప్పుడూ నత్తో, తాబేలో పెద్ద అయ్యేవి. పాపం నత్త మూడు రోజుల ముందు బయలుదేరేది అందుకే.

ఆ తడి ఇసకలో పైడి అనే చిన్న పీత ఉండేది. ఎర్రగా, మందారమొగ్గలాగా ఉండేది. పైడి గట్టుమనిషీ కాదు, నీటిమనిషీ కాదు. నీళ్ళలో ఎక్కువసేపు ఉంటే ఊపిరాడదు. గట్టు మీద ఎక్కువసేపు ఉంటే ఒళ్ళెండిపోతుంది. అటూ ఇటూ కాని ఆ చారే దాని ఊరు.

సంతకి తేవడానికి పైడి దగ్గర సరుకేమీ ఉండేది కాదు. కానీ అది లేకపోతే సంత జరిగేది కాదు. ముంగిస నీళ్ళలోకి దిగలేదు, పండుగప్ప ఇసక మీదికి రాలేదు. ఇద్దరికీ మధ్య చిప్పలు మోసేది పైడే. పొద్దున్నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా పరుగులే పరుగులు. అందుకు అందరూ దానికి తలా కాస్త కొసరు వేసేవాళ్ళు. ఆ కొసరుతోనే దాని కడుపు నిండేది.

కడుపు మాట అలా ఉంచితే, అందరి మొహాలూ దగ్గరనుంచి చూసేది కూడా అదొక్కతే. "పైడీ, ఇటు రావే", "పైడీ, కాస్త పట్టవే" అని రెండువైపులా పిలుస్తుంటే దాని ఒళ్ళు తేలిపోయేది. సంత లేని రోజుల్లో బొరియలో పడుకుని ఆ పిలుపులే తలచుకునేది. మళ్ళీ పున్నమి ఎప్పుడొస్తుందా అని ఆకాశం వంక చూస్తూ ఉండేది. సంతే దాని ఇల్లు, చుట్టాలూ అన్నీ. అది పోతే తనకి ఇంకేమీ లేదని దానికి తెలుసు.

ఒక సంతనాడు ఇలా జరిగింది.

నూకాలు అనే చేలగట్టు ఎలుక తన ఏడుగురు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చింది. మొగుడు లేడు, పాము మింగేసింది. పొలాలన్నీ తిరిగి ఏరి ఏరి ఒక చిప్పెడు గింజలు తెచ్చింది. ఆ రోజు నీళ్ళు మరీ నిలకడగా ఉన్నాయేమో, ఎలుక తనే నీళ్ళ అంచుదాకా వెళ్ళి పండుగప్ప ముందు నిలబడింది. పైడి అప్పుడు అవతల ముంగిస చిప్ప మోస్తూ దూరంగా ఉంది. అక్కణ్ణుంచే చూసింది.

పండుగప్ప చిప్పెడు రొయ్యలు కొలిచింది. తరువాత కొసరు వేసింది. ఒక్క రొయ్య.

ఒక్కటంటే ఒక్కటే.

అంతకు కాసేపటి ముందే ముంగిసకి అదే పండుగప్ప అయిదు రొయ్యలు కొసరు వేసింది. పైడే మోసింది కదా, తెలియకేం. ముంగిస అయిదూ నోట్లో వేసుకుని, "పండుగప్ప మావది పెద్ద చెయ్యిరా" అని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతోంది.

పైడి నూకాలు వంక చూసింది. నూకాలు కళ్ళనిండా నీళ్ళు. పిల్లలు ఆ ఒక్క రొయ్య చుట్టూ మూగి ఉన్నారు. పైడికి ఇంక చిప్పలు మొయ్యబుద్ధి కాలేదు. చేతిలోది అక్కడే దించేసి సంతపెద్ద దగ్గరికి పరుగెత్తింది.

ఆ రోజు సంతపెద్ద తాబేటి అవ్వ. నల్లరాయి మీద ఎండకి కళ్ళు మూసుకుని కూర్చుంది. పైడి చెప్పిందంతా ఓపిగ్గా వింది. విన్నాక కూడా కళ్ళు తెరవలేదు.

"కొసరు సంగతి సంతపెద్ద మాట్లాడకూడదు పిల్లా," అంది. "అది ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య మాట. మూడో చెయ్యి పెడితే చెడిపోతుంది."

"ఏడుగురు పిల్లల తల్లికి ఒకటా అవ్వా? ముంగిస బావకి అయిదా? ఇదేం న్యాయం?"

"నువ్వు వెళ్ళి నూకాల్ని అడిగావా?"

పైడి అడగలేదు. ఏడుస్తున్న మనిషిని పట్టుకుని ఎందుకేడుస్తున్నావని అడుగుతారా ఎవరైనా? చూస్తే తెలియడం లేదా? అవ్వ ముసలిదైపోయింది, మనసు కూడా డిప్పలాగే గట్టిపడిపోయింది అనుకుంది. బొరియలోకి వెళ్ళి పడుకుంది కానీ, నూకాలు మొహమే కళ్ళముందు ఆడింది. నెల పొడుగునా ఒకటే ఆలోచన. ఎవరూ ఏడవని సంత ఒకటి ఉండాలి. ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా లేని సంత. అలాంటి సంతని తలచుకుంటుంటే పైడికి తన గుండె తనకే వినిపించేది. అంత ముచ్చటగా ఉండేది ఆ ఊహ.

పున్నమి వెళ్ళింది. సంతరోజు తెల్లవారింది. పైడి మొగలిపొద వేళ్ళ వెనక దాక్కుంది. గోరింక వచ్చింది. ముంగిస వచ్చింది. నూకాలు వచ్చింది. పండుగప్ప వచ్చింది. తాబేటి అవ్వ వచ్చింది. ఆఖరికి నత్త కూడా ఆయాసపడుతూ వచ్చేసింది. అప్పుడు పైడి మెల్లిగా బయటికొచ్చి, అందరికంటే ఆఖరున సంతలోకి అడుగుపెట్టింది.

సంతపెద్ద కావాలని ఆలస్యంగా వచ్చినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. పైడే మొదటిది. అక్కడెవరూ అది గమనించలేదు. నత్త మాత్రం ఆనందం పట్టలేక కొమ్ములు ఊపింది. ఈసారికి తనకి ఆ చాకిరీ తప్పింది మరి.

పైడి నల్లరాయి ఎక్కింది. చేతిలో ఒక ఆల్చిప్ప ఉంది, తెల్లగా, లోపల గులాబిరంగుతో. అది అందరికీ చూపించింది. ఇకనుంచి కొసరు కూడా కొలుస్తామని చెప్పింది. ఎవరికైనా సరే, ఎవరిచ్చినా సరే, నిండుగా ఒక ఆల్చిప్ప. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మొహం చూసి వెయ్యడం వద్దు, మొహం చూసి తగ్గించడమూ వద్దు. ఇంక ఈ ఇసక మీద ఎవరి కన్నీళ్ళూ పడకూడదు అంది.

వినడానికి ఎంత బావుందో ఆ మాట. గోరింక రెక్కలు కొట్టింది. ముంగిస మొదట మూతి ముడుచుకుంది కానీ, అందరూ బాగుందంటుంటే తనూ బాగుందనేసింది. పండుగప్ప నీళ్ళలోంచి తల పైకెత్తి నూకాలు వంక చూసింది. నూకాలు ఏదో చెప్పబోయింది. ఇంతలో పిల్లలు కాళ్ళకి అడ్డం పడ్డారు. చెప్పబోయింది ఆగిపోయింది.

ఆ రోజు నూకాలుకి నిండుగా ఒక ఆల్చిప్పెడు రొయ్యలు కొసరు వచ్చాయి. పైడే స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చింది. పిల్లలు ఎగబడి తిన్నారు. పైడి వాళ్ళ పక్కనే నిలబడి చూస్తూ, ఇంతకంటే ఏం కావాలి ఈ బతుక్కి అనుకుంది. దాని మనసు నిండిపోయింది. అది నిజం.

సంత చివర అందరూ ఒక మాట అన్నారు. ఈ ఆల్చిప్ప పద్ధతి పైడికే బాగా తెలుసు. ఇకనుంచి ఎప్పుడూ పైడినే పెద్దగా ఉండనిద్దాం. మనకి పరుగులు పెట్టే బాధ కూడా తప్పుతుంది. సరే అంటే సరే అనుకున్నారు. పీడ వదిలిందన్నట్టు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పైడి సంతోషంలో ఇసక తుడవడం మర్చిపోయింది. అడుగులు అలాగే ఉండిపోయాయి.

వచ్చే సంతకి వచ్చినవాళ్ళు తమ పాత అడుగులు చూసుకుని, ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. "ఇది నా చోటు, కాస్త జరుగు" అన్న మాట ఆ ఒడ్డున మొదటిసారి వినబడింది.

గొడవలెందుకని పైడి ఇసక మీద గీతలు గీసింది. ఇక్కడ గోరింక, ఇక్కడ ముంగిస, ఇక్కడ ఎలుకలు. చూడ్డానికి ముగ్గులాగా అందంగానే ఉంది.

తరువాత ఆల్చిప్ప తగువులు మొదలయ్యాయి. చదునుగా నింపావని ఒకరు, గోపురంలా నింపాలి కదా అని ఒకరు. గోపురంలా నింపితే పైవి జారిపోయాయి, అవి ఎవరివి అని ఇంకొకరు. పైడి ఒక్కతే ఎన్నని చూస్తుంది? తన అన్నల్ని పిలిచింది. పది పీతలు వచ్చి ఆల్చిప్పల దగ్గర కాపలా నిలబడ్డాయి. వాళ్ళు ఊరికే ఎందుకు నిలబడతారు? వాళ్ళ తిండికని ప్రతి ఆల్చిప్పలోంచీ చిటికెడు తియ్యాల్సి వచ్చింది. అలా తీస్తే ఆల్చిప్ప వెలితిపడింది. దానికి మళ్ళీ తగువు.

ఇంకొకటి కూడా జరిగింది. పైడి దాన్ని చాలా ఆలస్యంగా గమనించింది. ఇదివరకు అందరూ ఒకరి మొహం ఒకరు చూసి, "ఏమైనా కొసరు వెయ్యవా" అని నవ్వుతూ అడిగేవాళ్ళు. ఇప్పుడు "నా కొసరు ఏది" అంటున్నారు. అనేటప్పుడు మొహం చూడటం లేదు, ఆల్చిప్ప చూస్తున్నారు. ఇచ్చేవాళ్ళు కూడా అంతే. ఎలాగూ కొలిచి పుచ్చుకుంటారు కదా అని, మెత్తబడిన పళ్ళూ వాడిన పాచీ కొసరులో వెయ్యడం నేర్చుకున్నారు. గోరింక పాడటం మానేసింది. పాట ఆల్చిప్పలో పట్టదు. నత్త కూడా మళ్ళీ సంతకి రమ్మనడం మానేసింది, అవసరం ఏముందిలే అని.

పైడిని కూడా ఎవరూ పైడీ అని పిలవడం లేదు. "పెద్దగారూ" అంటున్నారు. చిప్పలు మోసే పని అన్నలు చూసుకుంటున్నారు. నల్లరాయి మీద కూర్చుంటే అందరి తలలూ కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. అయినా పైడి మంచిరోజులు వస్తాయనే అనుకుంది. పద్ధతి ఇంకా కుదురుకోలేదు, అంతే. ఇంకొక్క గీత గీస్తే సరిపోతుంది అనుకునేది ప్రతి సంతకీ.

ఒక సంతకి తాబేటి అవ్వ పాచి తెచ్చింది. గోరింక ఒక చిప్పెడు పళ్ళిచ్చి ఒక చిప్పెడు పాచి తీసుకుంది. కాపలా పీత ఆల్చిప్ప ముందుకి చాపింది, కొసరు వెయ్యమని. అవ్వ దగ్గర ఇంక పాచి లేదు. ఎప్పటిలాగే కథ ఒకటి తెచ్చుకుంది. చాలా దూరంలో, నీళ్ళ అడుగున ఒక చీకటి లోయ ఉందట, అక్కడ దీపాలు పెట్టుకుని తిరిగే చేపలున్నాయట. అది చెప్పబోతే కాపలా పీతలు ఆపేశాయి. గొడవ నల్లరాయి దగ్గరికి వచ్చింది.

"నా కథ ఈ చిప్పలో పట్టదు పిల్లా," అంది అవ్వ. "ఏం చెయ్యమంటావు?"

పైడికి ఆ కథ వినాలని ఎంత ఆశగా ఉందో. చిన్నప్పటినుంచీ అవ్వ కథలు వినే పెరిగింది. కానీ కింద అందరూ చూస్తున్నారు. అవ్వని వదిలేస్తే ముంగిస ఊరుకుంటుందా? రేపు అదీ ఏదో కథ చెబుతానంటుంది. అందరికీ ఒకటే అని తనే కదా అంది.

"పద్ధతి అందరికీ ఒకటే అవ్వా," అంది తల దించుకుని. "వచ్చే సంతకి కొసరుకి సరిపడా తెచ్చుకో. ఈసారికి వెళ్ళు."

అవ్వ తిట్టలేదు. వెనక్కి తిరిగి, ఆ గీతలమీదుగా ఈడ్చుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నీళ్ళు దాని డిప్ప మీద మూసుకున్నాయి. మళ్ళీ సంతకి రాలేదు.

అవ్వ రాకపోతే నత్త రాలేదు. నత్త రాకపోతే ఉప్పు లేదు. ఉప్పు లేకపోతే గోరింకకి ఇంత దూరం రావడం దండగనిపించింది. ముంగిసకి రొయ్యలు కావాలి కానీ, నవ్వించడానికి ఎవరూ లేని చోట దానికి తోచదు. ఒక్కొక్కరే తగ్గిపోయారు. కాపలా ఉన్న అన్నలు కూడా తిండి సరిపోక తలొక బొరియలోకి వెళ్ళిపోయారు. ఎవరూ ఎవరితోనూ దెబ్బలాడలేదు. దెబ్బలాడితే బావుండేదేమో. దెబ్బలాడినవాళ్ళు మళ్ళీ వస్తారు.

ఒక పున్నమి మర్నాడు పైడి నల్లరాయి మీద ఒక్కతే కూర్చుంది. ఎండ ఎక్కింది. గీతలన్నీ ఖాళీగా ఉన్నాయి. నీళ్ళ అంచున ఒక్క మొప్ప కూడా మెదల్లేదు.

అప్పుడు గట్టు దిగి నూకాలు వచ్చింది. వెనక ఒకే ఒక్క పిల్ల. మిగతావాళ్ళు పెద్దవాళ్ళయి ఎవరి పొలాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ చంటిది కూడా కాస్త ఎదిగింది. అది నేరుగా నీళ్ళ అంచుకి వెళ్ళి నిలబడి, "మావా, మావా" అని పిలవసాగింది. నీళ్ళలోంచి ఎవరూ పలకలేదు.

పైడి రాయి దిగింది. చాలా రోజుల తరువాత దిగింది. "ఎవర్ని పిలుస్తోంది నూకాలక్కా?" అని అడిగింది.

"పండుగప్ప మావని. ఇది పుట్టాక మొదటిసారి సంతకి వచ్చినప్పుడు ఆయనే కదా పేరు పెట్టాడు."

పైడికి అర్థం కాలేదు.

నూకాలు చెప్పింది. ఆ రోజు రొయ్యలు కొలిచాక మావ పిల్లలందరి పేర్లూ ఒక్కొక్కటే అడిగాడు. ఆరుగురి పేర్లు చెప్పి ఏడోదాని దగ్గర తను ఆగిపోయింది. అది వాళ్ళ నాన్న పోయాక పుట్టింది, పేరుపెట్టే దిక్కు లేకపోయింది. అయితే నేను పెడతానన్నాడు మావ. గంగ అని పెట్టాడు. నీళ్ళంటే భయపడే జాతిలో ఒక్కదానికైనా నీటి పేరు ఉండాలి అన్నాడు. పేరుకి గుర్తుగా దాని చేతిలో ఒక రొయ్య పెట్టాడు.

"ఆ రోజు నాకు ఏడుపాగలేదు," అంది నూకాలు. "నా మొగుడు పోయాక అంత సంతోషపడింది ఆ ఒక్క రోజే."

పైడి "మరి ముంగిస బావకి అయిదు వేశాడు కదా" అంది. అది అడగడం తనకే చిన్నతనంగా అనిపించింది.

"వాగి వాగి చంపుతుంటే వదిలించుకోడానికి వేశాడు. ఎవరినడిగినా చెప్పేవాళ్ళు." అంది నూకాలు. "నువ్వు దూరంనుంచి చూశావు చెల్లీ. అంత దూరంనుంచి చూస్తే రొయ్యలే కనబడతాయి."

అని, ఇంటినుంచి తెచ్చిన ఆల్చిప్ప ఒకటి పైడి ముందు ఇసక మీద పెట్టింది. తను పెద్ద అయిన మొదటి సంతలో పైడి స్వయంగా మోసుకొచ్చి ఇచ్చినదే. ఇన్నాళ్ళూ దాచుకుంది కాబోలు. గంగ చెయ్యి పట్టుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది. గంగ వెనక్కి తిరిగి తిరిగి నీళ్ళవంకే చూస్తూ వెళ్ళింది.

పైడి అక్కడే ఉండిపోయింది. ఎవరూ ఏడవని సంత కావాలనుకుంది. నిజంగానే ఇప్పుడు ఏడవడానికి ఎవరూ లేరు.

తరువాత అది నీళ్ళ అంచుకి వెళ్ళి సముద్రాన్ని పిలిచింది. "కడలమ్మా, నీ వాళ్ళని రమ్మని చెప్పవా? నేను పెద్దగా ఉండను. ఆల్చిప్ప పారేస్తాను. చిప్పలు మోస్తాను. రమ్మని ఒక్కసారి చెప్పు."

కడలమ్మ ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడేది కాదు. కానీ పైడి గొంతు విని జాలిపడింది.

"రమ్మని చెబుతానమ్మా," అంది. "చెబితే వస్తారో రారో నాకు తెలియదు. రప్పించడం నా చేతిలో లేదు. మనసుంటే రావాలి."

"ఎప్పుడొస్తారు?"

"ఏం చెప్పను. నేను ఎన్నడూ ఉన్నచోటునుంచి కదలలేదు. నీ కోసం పైకి వచ్చి చూసి వెళ్తుంటాను, ఎవరైనా వచ్చారేమో. గట్టువాళ్ళు వస్తే నేనే మోసుకొస్తాను నా వాళ్ళని."

కడలమ్మ మొదటిసారి తన చోటు వదిలి, మెల్లిగా ఇసక ఎక్కింది. పైడి అంతకు ముందే ఆలోచించింది, వచ్చేవాళ్ళకి ఏం పెట్టాలా అని. దాని దగ్గర రొయ్యలు లేవు, పళ్ళు లేవు. ఉన్నది ఇసకే. ఆ తడి ఇసకనే చేత్తో తీసి, చిన్న చిన్న ఉండలు చేసింది. కొలవలేదు. ఇది గోరింకకి, ఇది నత్తకి, ఇది గంగకి అనుకుంటూ ఒక్కొక్కరి మొహం తలచుకుని ఒక్కొక్కటి చేసింది. ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది. తన బొరియ చుట్టూ, వచ్చేవాళ్ళ వైపుకి, పువ్వురేకుల్లాగా పరిచింది. తాబేటి అవ్వ కోసం చేసినదాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది. పెట్టి, బొరియ నోట్లో కూర్చుని చూసింది.

కడలమ్మ వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. సంతలో ఎవరూ లేరు. ఖాళీ గీతలూ, పాత అడుగులూ, ఎవరూ తీసుకోని ఇసక ఉండలూ ఉన్నాయి. సంతపెద్ద తుడవకుండా వదిలేసిన ఇసక అది. సంత ముగిశాక పెద్ద చెయ్యాల్సిన పని పైడి బదులు కడలమ్మ తనే చేసింది. ఒళ్ళంతా పరిచి, గీతల్నీ అడుగుల్నీ ఉండల్నీ తుడిచి, ఇసకని నున్నగా చేసింది. చేసి వెనక్కి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ, "మళ్ళీ వస్తాలే" అంది.

పైడి బొరియలోంచి బయటికొచ్చి, మళ్ళీ మొదటి ఉండ చేత్తో తీసుకుంది.

అప్పటినుంచే సముద్రం రోజుకి రెండుసార్లు గట్టుకేసి నడిచి వచ్చి, చూసి, ఇసక తుడిచి వెనక్కి వెళుతుంది. అప్పటినుంచే, నీళ్ళు వెనక్కి తగ్గగానే, బొరియల్లోంచి చిన్న పీతలు బయటికొచ్చి ఇసకని ఉండలు ఉండలుగా చేసి తమ గుమ్మం చుట్టూ పరుస్తాయి. ఏ రెండు ఉండలూ ఒక్కలాగా ఉండవు, కావలిస్తే చూడండి. కొసరు కదా, కొలిచి చెయ్యవు. ఇంతాచేసి, మీ అడుగు చప్పుడు వినబడగానే గభాలున బొరియలో దూరిపోతాయి. వచ్చినవాళ్ళ మొహంలోకి చూడ్డానికి వాటికి ఇప్పటికీ సిగ్గే.

మీరు గానీ ఎప్పుడైనా ఒడ్డుకి వెళితే, ఆ ఉండల్ని తొక్కకండి. అందులో ఒకటి మీకోసం చేసినదై ఉంటుంది.